గ్రీన్ కార్డ్ గడువు దాటిపోయినా అమెరికా సిటిజన్‌షిప్‌కి అప్లై చేయడం ఎలా

పర్సులో ఉన్న గ్రీన్ కార్డ్ తేదీ దాటిపోయింది. బీరువాలో ఇండియన్ పాస్‌పోర్ట్ గడువు కూడా ఎప్పుడో అయిపోయింది. ఐదేళ్లు నిండి చాలా కాలమైంది కదా, సిటిజన్‌షిప్‌కి వేసేద్దామనుకుంటే వాట్సాప్ గ్రూపులో తలా ఒక మాట. ముందు కార్డు రెన్యూ చేయించుకోవాలని ఒకరు, పాస్‌పోర్ట్ లేకపోతే అప్లికేషన్ తిప్పి పంపుతారని ఇంకొకరు. దాంతో పని మరో ఏడాది వెనక్కి పోతుంది.

పదేళ్ల గ్రీన్ కార్డ్ మీద తేదీ దాటినంత మాత్రాన మీ పర్మనెంట్ రెసిడెంట్ హోదా పోదు. తేదీ దాటింది కార్డుకే. ఆ కార్డుతోనే, ఇండియన్ పాస్‌పోర్ట్ రెన్యూ చేయకుండానే, సిటిజన్‌షిప్ అప్లికేషన్ అయిన ఎన్-400 ఫారం వేయొచ్చు. నిజంగా కొంప ముంచేవి వేరే ఉన్నాయి. వాటిని ముందు చూసుకుని, తర్వాత ఫారం దగ్గరికి వెళ్దాం.

ముందు కార్డు చేతిలోకి తీసుకోండి

కార్డు మీద రెండు తేదీలు ఉంటాయి. 'రెసిడెంట్ సిన్స్' అన్నది మీరు పర్మనెంట్ రెసిడెంట్ అయిన రోజు. 'కార్డ్ ఎక్స్‌పైర్స్' అన్నది కార్డు గడువు. సిటిజన్‌షిప్‌కి లెక్క మొదటి తేదీ నుంచే. మామూలుగా ఐదేళ్లు నిండాలి. అమెరికన్ సిటిజన్‌ని పెళ్లి చేసుకుని, మూడేళ్లుగా కలిసి కాపురం చేస్తుంటే మూడేళ్లు చాలు. ఆ గడువు నిండటానికి 90 రోజుల ముందు నుంచే ఫారం పంపొచ్చు.

తర్వాత కేటగిరీ చూడండి. అక్కడ సీఆర్1 అనో సీఆర్6 అనో ఉండి, కార్డు రెండేళ్లకే ఇచ్చి ఉంటే మీది కండిషనల్ కార్డు, అంటే పెళ్లి మీద షరతుతో ఇచ్చింది. పైన చెప్పిన ధీమా దానికి వర్తించదు. రెండేళ్ల కార్డు గడువు తీరే ముందు 90 రోజుల్లో, ఆ షరతు తీసేయమని కోరే ఐ-751 ఫారం వేయాలి. వేయకపోతే హోదాకే ఎసరు. వేసి అది పెండింగ్‌లో ఉంటే భయం లేదు, అర్హత ఉన్నప్పుడు దాంతోపాటే ఎన్-400 కూడా వేసుకోవచ్చు. ఐ-751 వేయకుండానే గడువు దాటిపోయి ఉంటే మాత్రం ఇక్కడ ఆగి, ఒక ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవండి.

24 నెలల లెక్క

ఇంతకుముందు కార్డు గడువు ఆరు నెలల్లోపు ఉందంటే, ఎన్-400తో పాటు కార్డు రెన్యువల్ కోసం ఐ-90 కూడా వేయాల్సి వచ్చేది. రెండు ఫీజులు. 2022 డిసెంబర్ 12 నుంచి ఆ పద్ధతి మారింది. ఆ రోజు నుంచి ఎన్-400 వేసినవాళ్లకు వచ్చే రసీదు నోటీసే కార్డు గడువును 24 నెలలు పొడిగిస్తుంది. పాత కార్డు, ఈ నోటీసు రెండూ కలిపి చూపిస్తే చెల్లుతుంది.

చాలామంది తడబడేది ఇక్కడే. ఈ 24 నెలలు రసీదు వచ్చిన రోజు నుంచి కాదు, కార్డు మీద ఉన్న గడువు తేదీ నుంచి లెక్క. మీ కార్డు 2025 మార్చిలో అయిపోయిందనుకోండి, ఈరోజు ఎన్-400 వేసినా, ఆర్నెల్లు ఆగి వేసినా పొడిగింపు 2027 మార్చి వరకే. కార్డు 2022లోనే అయిపోయి ఉంటే ఆ 24 నెలలు ఎప్పుడో కరిగిపోయాయి. అప్పుడు ఎన్-400 వేయడానికి అడ్డమేమీ లేదు గానీ, రసీదు మీ హోదాకి రుజువుగా పనికి రాదు.

అలాంటప్పుడు రెండు దారులు. ఐ-90 వేస్తే దాని రసీదు 36 నెలల పొడిగింపు ఇస్తుంది. ఇదీ కార్డు గడువు తేదీ నుంచే, కాబట్టి గడువు దాటి మూడేళ్లు నిండితే ఈ రసీదూ అక్కరకు రాదు. 2024 సెప్టెంబర్ 10 నుంచి ఈ పొడిగింపును 24 నుంచి 36 నెలలకు పెంచారు. ఆన్‌లైన్ ఫీజు 415 డాలర్లు, పేపర్ మీద అయితే 465. రెండో దారి, యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమిగ్రేషన్ సేవల శాఖ) కాంటాక్ట్ సెంటర్‌కి ఫోన్ చేసి ఐ-551 స్టాంప్ అడగడం. దీన్నే ఏడిట్ స్టాంప్ అంటారు. పాస్‌పోర్ట్‌లో వేస్తారు, లేదా ఫొటోతో ఉన్న ఐ-94 (అమెరికాలోకి వచ్చిన రికార్డు) కాగితం మీద వేసి ఇస్తారు. అంటే ఇండియన్ పాస్‌పోర్ట్ గడువు దాటినవాళ్లకూ దారి ఉంది. అర్జెంటుగా ఉద్యోగానికో ప్రయాణానికో రుజువు కావాలంటే ఇది మంచి మార్గం.

నన్నడిగితే, కార్డు అయిపోయి ఏడాది లోపే అయ్యుంటే ఐ-90 మీద డబ్బు పెట్టనక్కర్లేదు, నేరుగా ఎన్-400 వేసేయండి. ఏడాదిన్నర దాటి, ఇండియా వెళ్లే పని కూడా ఉంటే ఐ-90 గురించి ఆలోచించవచ్చు. కార్డు పోగొట్టుకున్నవాళ్లకు మాత్రం ఈ వెసులుబాటు లేదు. పొడిగించడానికి చేతిలో కార్డే లేదు కాబట్టి వాళ్లు ఐ-90 వేయాల్సిందే. ఇంకో మాట, 18 ఏళ్లు దాటిన పర్మనెంట్ రెసిడెంట్ చెల్లుబాటయ్యే రుజువు దగ్గర ఉంచుకోవాలని చట్టమే చెబుతోంది. హోదా పోదు కదా అని గడువు తీరిన కార్డుతో ఏళ్ల తరబడి తిరగడం మంచిది కాదు.

ఇండియాలో ఎన్ని రోజులున్నారు?

కార్డు తేదీ కంటే వందరెట్లు ముఖ్యమైన లెక్క ఇది. అప్లై చేసే రోజు నుంచి వెనక్కి ఐదేళ్లలో కనీసం 30 నెలలు, అంటే 913 రోజులు, అమెరికా గడ్డ మీద ఉండాలి. మూడేళ్ల కేసుకి 18 నెలలు. ఇప్పుడున్న రాష్ట్రంలో మూడు నెలలు నిండాలి.

మొత్తం రోజులు సరిపోయినా, ఒకే ప్రయాణం ఆరు నెలలు దాటితే చిక్కే. ఆరు నెలలకు పైన, ఏడాది లోపు అయితే నివాసం తెగిపోయిందని అధికారి ముందే అనుకుంటారు, కాదని నిరూపించుకునే భారం మీది. ఇక్కడ ఉద్యోగం వదల్లేదని, ఇల్లు ఖాళీ చేయలేదని, కుటుంబం ఇక్కడే ఉందని కాగితాలు చూపాలి. ఏడాది, ఆపైన అయితే వాదనే లేదు, నివాసం తెగినట్టే. తిరిగి వచ్చిన రోజు నుంచి నాలుగేళ్ల ఒక రోజు ఆగితే అప్లై చేయొచ్చు గానీ, అప్పటికీ ఆ ప్రయాణంలో కొంత భాగం ఐదేళ్ల పరిధిలోనే ఉంటుంది, ప్రశ్నలు వస్తాయి. ఇంకో ఆరు నెలలు ఓపిక పడితే ఆ తలనొప్పి ఉండదు.

కొడుకో కూతురో స్పాన్సర్ చేసి తెచ్చుకున్న అమ్మానాన్నల కేసుల్లో అసలు సమస్య ఇక్కడే ఉంటుంది. చలికాలం ఇండియాలో, ఎండాకాలం అమెరికాలో. మధ్యలో ఊళ్లో పెళ్లి, పంటి వైద్యం, పొలం రిజిస్ట్రేషన్, ఏదో ఒకటి వచ్చి ఎనిమిది నెలలు గడిచిపోతాయి. ఎక్కువ కాలం బయట ఉండి తిరిగి రావడానికి ముందే తీసుకునే రీఎంట్రీ పర్మిట్ ఉంది కదా అంటారు. ఆ పర్మిట్ గ్రీన్ కార్డ్ హోదా కాపాడుకోవడానికి సాయపడుతుంది. సిటిజన్‌షిప్‌కి కావాల్సిన నిరంతర నివాసాన్ని అది కాపాడదు. పైగా ఎన్-400 వేశారంటే మీ ఫైలు మొత్తం మళ్లీ తెరుస్తారు. ఎక్కువ కాలం ఇండియాలోనే ఉండి హోదా వదులుకున్నట్టు కనిపిస్తే, సిటిజన్‌షిప్ మాట అటుంచి గ్రీన్ కార్డ్‌కే ముప్పు రావచ్చు. ఏడాదికి పైగా బయట ఉన్నవాళ్లు, ఎప్పుడైనా అరెస్ట్ అయినవాళ్లు, పన్నులు కట్టనివాళ్లు, ఓటరుగా పేరు నమోదు చేసుకున్నవాళ్లు సొంతంగా ఫారం నింపకండి. లాయర్‌కి ఇచ్చే డబ్బు ఇక్కడ దండగ కాదు. ఫారాలు నింపిపెట్టే కన్సల్టెంట్ లాయర్ కాదని కూడా గుర్తుంచుకోండి.

పాత కాగితాలు పారేయకండి

ప్రయాణాల తేదీలు నింపడానికి గడువు తీరిన పాస్‌పోర్టే మీకు పెద్ద ఆధారం. రెన్యువల్ తర్వాత మూల కత్తిరించి వెనక్కి ఇచ్చిన పాతది ఉంటే దాన్నీ బయటికి తీయండి. హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్ ఎంట్రీ, ఎగ్జిట్ స్టాంపులు, అమెరికా ఎంట్రీ స్టాంపులు పక్కపక్కన పెట్టుకుని ఒక పేపర్ మీద వరుసగా రాయండి: అమెరికా నుంచి ఎప్పుడు బయల్దేరారు, తిరిగి ఎప్పుడు దిగారు, ఏ దేశాలు. స్టాంప్ అలుక్కుపోయి కనిపించకపోతే ఈమెయిల్‌లో పాత టికెట్లు వెతకండి. 24 గంటలు దాటిన ప్రతి ప్రయాణం రాయాలి. కెనడా వైపు నయాగరా చూడ్డానికి వెళ్లి ఒక రాత్రి ఉన్నా లెక్కే. మన వాళ్లు ఎక్కువగా మర్చిపోయేదీ అదే.

మిగతా కాగితాలు ఇవి: గ్రీన్ కార్డ్ రెండు వైపులా కాపీ, ఐదేళ్ల అడ్రసులు, ఐదేళ్ల ఉద్యోగాలు లేదా చదువు వివరాలు, అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ నుంచి పన్ను ట్రాన్స్‌క్రిప్టులు. మూడేళ్ల కేసయితే పెళ్లి సర్టిఫికెట్, భర్త లేదా భార్య సిటిజన్ అన్న రుజువు, కలిసి ఉంటున్నారని చూపే జాయింట్ అకౌంట్లు, లీజు లాంటివి. విడాకులు అయ్యుంటే ఆ డిక్రీ. పెళ్లి సర్టిఫికెట్ తెలుగులో ఉంటే ఇంగ్లిష్ అనువాదం, అనువదించినవారి ధ్రువీకరణతో సహా జతచేయాలి.

మద్యం, డ్రగ్స్ సంబంధం లేకుండా, అరెస్ట్ లేకుండా, 500 డాలర్ల లోపు జరిమానాతో ముగిసిన స్పీడింగ్ టికెట్లకు కోర్టు కాగితాలు పంపనక్కర్లేదు. తాగి బండి నడిపిన కేసు (డీయూఐ) అయినా, ఇంట్లో గొడవై పోలీసులు తీసుకెళ్లినా, కేసు కొట్టేసినా సరే, కోర్టు నుంచి సర్టిఫైడ్ కాపీ తెచ్చుకోవాలి. 2025 ఆగస్టు నుంచి నడవడిక విషయంలో పరిశీలన ఇంకా కఠినం చేశారు కాబట్టి దాచే ప్రయత్నం చేయకండి. మగవాళ్లు 18 నుంచి 26 ఏళ్ల మధ్య గ్రీన్ కార్డ్‌తో ఉండి ఉంటే సెలెక్టివ్ సర్వీస్ (అవసరమైతే సైన్యానికి పిలిచేవాళ్ల జాబితా) నమోదు వివరాలు కావాలి. ఆ వయసంతా ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీదో హెచ్-4 డిపెండెంట్ వీసా మీదో గడిపినవాళ్లకు ఆ నమోదు అవసరం లేదు.

ఫారంలో మన పేర్ల తంటా

ఎన్-400 ఆన్‌లైన్‌లో వేయడమే సుఖం. యూఎస్‌సీఐఎస్ అకౌంట్ తెరిచి ఒక్కో పేజీ నింపుకుంటూ పోవచ్చు, మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టవచ్చు. అడ్రసులు, ఉద్యోగాల దగ్గర కష్టమేం ఉండదు. పేరు దగ్గరే టైం పడుతుంది.

పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి, వెంకట సత్య శ్రీనివాస్ అని మొత్తం పేరంతా ఒకే చోట రాయించుకున్నవాళ్లు మనలో చాలామంది. అలాంటివాళ్లకు వీసా స్టాంపింగ్ నాడే పేరు గడిలో 'ఎఫ్ఎన్‌యూ' (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. అదే గ్రీన్ కార్డ్‌కీ పాకుతుంది. బ్యాంకులో, డ్రైవింగ్ లైసెన్సులిచ్చే డీఎంవీలో, పిల్లల స్కూల్లో దాంతో పడ్డ పాట్లు వాళ్లకే తెలుసు. దాన్ని వదిలించుకోవడానికి ఎన్-400 మంచి అవకాశం. ఫారంలోనే పేరు మార్పు కోరుకునే గడి ఉంది, అదనపు ఫీజు లేదు. కాకపోతే పేరు మార్పు ఇచ్చే అధికారం జడ్జికే ఉంది కాబట్టి, ప్రమాణం కోర్టులో జరిగే వేడుకలోనే చేయాల్సి వస్తుంది. కొన్ని ఊళ్లలో దానికి కాస్త ఎక్కువ రోజులు పట్టవచ్చు. ఇంకో లెక్క కూడా వేసుకోండి. పేరు పూర్తిగా మార్చేస్తే తర్వాత ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇండియా ఇచ్చే కార్డు), పాన్, ఊళ్లో భూమి రికార్డులు అన్నింటికీ పాత పేరూ కొత్త పేరూ ఒకరివేనని కాగితం చూపించుకుంటూ ఉండాలి. ఇంటిపేరు, పేరు సరైన గడుల్లో పడేలా సర్దుకుంటే చాలు.

పుట్టినతేదీ దగ్గర ప్రయోగాలు వద్దు. స్కూల్లో వేసిన తేదీ వేరు, అమ్మ చెప్పిన తేదీ వేరు అయినా, గ్రీన్ కార్డ్ మీద ఉన్నదే రాయండి. దాన్ని మార్చాలనుకుంటే రుజువులతో ప్రమాణానికి ముందే తేల్చుకోవాలి. సర్టిఫికెట్ వచ్చాక మార్చడం దాదాపు అయ్యే పని కాదు.

ఫీజు 2024 ఏప్రిల్ 1 నుంచి ఆన్‌లైన్‌లో 710 డాలర్లు, పేపర్ మీద 760. వేలిముద్రల ఖర్చు అందులోనే. ఇంటి ఆదాయం పేదరిక ప్రమాణానికి నాలుగు రెట్లు మించకపోతే 380 డాలర్లకే వేసుకోవచ్చు, కాకపోతే అది పేపర్ మీదే పంపాలి. ఫీజులు మారుతుంటాయి, కట్టేముందు సైట్‌లో ఒకసారి చూసుకోండి.

రసీదు వచ్చాక

రసీదు, అంటే ఐ-797సీ నోటీసు, వచ్చిన రోజే రెండు కాపీలు తీసి, అసలుది భద్రంగా పెట్టండి. నోటీసులో పొడిగింపు వాక్యం ఉందో లేదో చదవండి. అడ్రస్ మారితే పది రోజుల్లో తెలియజేయాలి, లేకపోతే ఇంటర్వ్యూ పిలుపు పాత ఇంటికి పోతుంది.

ఆఫీసులో హెచ్ఆర్ వాళ్లు 'కార్డు ఎక్స్‌పైర్ అయింది, కొత్తది తెండి' అన్నారంటే కంగారు పడొద్దు. చేరినప్పుడు ఐ-9కి (ఉద్యోగం చేసే అర్హత చూపే ఫారం) చెల్లుబాటయ్యే గ్రీన్ కార్డ్ చూపించి ఉంటే, దాని గడువు తీరిందని మళ్లీ అడగడానికి నిబంధనలు ఒప్పుకోవు. ఆ మాట మర్యాదగానే చెప్పండి.

డ్రైవింగ్ లైసెన్స్ కూడా అయిపోయి ఉంటే ఇంటర్వ్యూకి ముందే రెన్యూ చేయించుకోండి, పాత కార్డు, రసీదు రెండూ పట్టుకెళ్లండి. అక్కడ కౌంటర్లో ఫారం మీదో స్క్రీన్ మీదో 'ఓటరుగా నమోదు చేసుకుంటారా' అని అడుగుతారు. పరధ్యానంగా అవును అని నొక్కారో, సిటిజన్ కాకుండానే సిటిజన్‌నని చెప్పినట్టు అవుతుంది. పొరపాటున జరిగిందని చెప్పుకునే అవకాశం ఉన్నా, అది కేసును చిక్కుల్లో పడేస్తుంది. ప్రమాణం అయ్యేదాకా దానికి జవాబు 'వద్దు'.

ఈలోగా ఇండియా వెళ్లాలంటే గ్రీన్ కార్డ్ సంగతి రసీదు చూసుకుంటుంది గానీ, ఇండియన్ పాస్‌పోర్ట్ మాత్రం బతికి ఉండాలి. కాబట్టి ప్రయాణం ఉంటేనే రెన్యువల్ పెట్టుకోండి. ఇండియన్ కాన్సులేట్ తరఫున అప్లికేషన్లు తీసుకునే వీఎఫ్ఎస్ ద్వారా వేసేటప్పుడు ఇక్కడి హోదా రుజువుగా గ్రీన్ కార్డ్ కాపీ అడుగుతారు, దాంతో రసీదు జతచేయండి. ప్రయాణం లేకపోతే, కొన్ని నెలల్లో వెనక్కి ఇచ్చేయబోయే పాస్‌పోర్ట్ మీద డబ్బు పెట్టడం ఎందుకు?

ఇంటర్వ్యూ

గడువు తీరిన కార్డు, రసీదు, పిలుపు నోటీసు, డ్రైవింగ్ లైసెన్స్, పాతవీ కొత్తవీ పాస్‌పోర్టులన్నీ, పన్ను కాగితాలు, ఫారం కాపీ. ఇవన్నీ ఒక ఫైల్లో. అధికారి ఫారంలోని ప్రశ్నలే మళ్లీ అడుగుతారు. అప్లై చేశాక చేసిన ప్రయాణాలు, మారిన ఉద్యోగం ఉంటే అక్కడే చెప్పి సరిదిద్దించుకోండి. గ్రీన్ కార్డ్ ఎలా వచ్చిందన్నది కూడా చూస్తారు. స్పాన్సర్ చేసిన కంపెనీలో పనిచేశారా, కార్డు రాగానే మానేశారా అని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి పే స్టబ్‌లు దగ్గర ఉంచుకోండి.

2025 అక్టోబర్ 20, ఆ తర్వాత అప్లై చేసినవాళ్లకు కొత్త సివిక్స్ పరీక్ష (అమెరికా చరిత్ర, ప్రభుత్వం మీద ప్రశ్నలు): 128 ప్రశ్నల్లోంచి 20 వరకు అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. అంతకుముందు వేసినవాళ్లకు పాతదే, పదిలో ఆరు. ఇంగ్లిష్ భయం ఉన్న పెద్దవాళ్లకు మినహాయింపులున్నాయి. 50 ఏళ్లు దాటి గ్రీన్ కార్డ్ మీద 20 ఏళ్లు ఉన్నా, 55 దాటి 15 ఏళ్లు ఉన్నా ఇంగ్లిష్ పరీక్ష లేదు, సివిక్స్ తెలుగులో చెప్పొచ్చు, అందుకు దుబాసీని వెంట తీసుకెళ్లాలి. 65 దాటి 20 ఏళ్లు ఉన్నవాళ్లకు చదవాల్సిన ప్రశ్నలు 20 మాత్రమే. జబ్బు వల్ల నేర్చుకోలేని స్థితిలో ఉంటే డాక్టర్ నింపే ఎన్-648 మినహాయింపు ఫారం ఉంది.

ప్రమాణం రోజు, ఆ తర్వాత

ప్రమాణం చేసే చోట గ్రీన్ కార్డ్ ఇచ్చేయాలి. నాచురలైజేషన్ సర్టిఫికెట్ చేతికి రాగానే ఫొటోలు తర్వాత, ముందు పేరు అక్షరాలు, పుట్టినతేదీ సరిచూడండి. తప్పుంటే అక్కడే చెప్పండి. బయటికొచ్చాక మార్పించుకోవాలంటే మళ్లీ ఇంకో ఫారం. 18 ఏళ్ల లోపు పిల్లలు గ్రీన్ కార్డ్‌తో మీ దగ్గరే, మీ కస్టడీలో ఉంటుంటే మీతో పాటే వాళ్లూ సిటిజన్లు అవుతారు. వాళ్లకు నేరుగా పాస్‌పోర్ట్‌కి వేసేయండి.

మీ పాస్‌పోర్ట్‌కి డీఎస్-11 ఫారం, 130 డాలర్లు, దానిపైన 35. అసలు సర్టిఫికెట్ కూడా పంపాలి, అది వేరే కవర్లో వెనక్కి వస్తుంది. అందుకే ముందే కాపీ తీసి పెట్టుకోండి.

ఇండియా రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. 1955 పౌరసత్వ చట్టంలోని 9వ సెక్షన్ ప్రకారం, ప్రమాణం చేసిన క్షణం నుంచి మీరు భారత పౌరులు కారు. ఆ తర్వాత ఇండియన్ పాస్‌పోర్ట్ మీద ప్రయాణం చేయడం నేరం. గడువు తీరిన పాస్‌పోర్టే కదా అని బీరువాలో వదిలేయకండి, దాన్నీ సరెండర్ చేసి సర్టిఫికెట్ తీసుకోవాలి. ఓసీఐ కార్డుకి వేసేటప్పుడు ఆ కాగితమే అడుగుతారు. పాత పాస్‌పోర్ట్ పోగొట్టుకున్నవాళ్లు పోలీస్ రిపోర్ట్, అఫిడవిట్ లాంటివి జతచేయాల్సి వస్తుంది. దసరాకో సంక్రాంతికో టికెట్లు బుక్ చేసేముందు అమెరికన్ పాస్‌పోర్ట్, సరెండర్, ఓసీఐ లేదా వీసా, ఈ వరుసకి పట్టే టైం లెక్కేసుకోండి.

ఊళ్లో పొలం పోతుందేమోనని కొందరు పెద్దలు సిటిజన్‌షిప్ వద్దంటుంటారు. వారసత్వంగా వచ్చింది, ఇండియాలో ఉండగా కొన్నది మీదే. ఓసీఐ వచ్చాక వ్యవసాయ భూమి కొత్తగా కొనడానికి మాత్రం వీల్లేదు. నిజానికి అది గ్రీన్ కార్డ్ మీద ఉన్న ఎన్నారైకీ లేదు.